ఎముకను తొందరపెట్టలేం!

రక్తపరీక్షలు చేయడం వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. ఎముక ముక్కను పలుచని పొరగా కోసి మైక్రోస్కోప్‌ కిందికి తేగలిగినవాళ్లు మాత్రం తక్కువ. డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ, లైఫ్‌సైన్సెస్‌ విద్యార్థులు అంతగా పట్టించుకోని ఈ నైపుణ్యం ఏంటి? ఎలా నేర్చుకోవాలి? ఎక్కడెక్కడ పనికొస్తుంది? ఓ సీనియర్‌ హిస్టోపాథాలజీ టెక్నీషియన్‌ తన అనుభవంతో చెబుతున్న సంగతులివి.

హిస్టోపాథాలజీ టెక్నీషియన్‌ పోస్టుకు వచ్చే అభ్యర్థులను నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘శాంపిల్‌గా ఎముక వస్తే ఏం చేస్తారు?’ దాదాపు అందరిదీ ఒకటే జవాబు. ‘డీకాల్సిఫికేషన్‌ చేస్తాం సార్‌.’ తప్పేం లేదు. వెంటనే రెండో ప్రశ్న వేస్తాను. ‘ఎంతసేపు?’ ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కొందరు పుస్తకంలో చదివిన ‘24 నుంచి 48 గంటలు’ అప్పజెబుతారు. నాకు కావాల్సింది అది కాదు. ‘ఏ ఎముక సార్‌? ఎంత మందం? ఏ ద్రావణం వాడుతున్నారు? ఏ పరీక్ష కోసం పంపారు?’ అని అభ్యర్థి నన్ను ఎదురు అడగాలి. అలా అడిగారంటే వాళ్లకు పని తెలుసని అర్థం.

ఆ నాలుగు ఎదురు ప్రశ్నలు ఎందుకు అడగాలో తెలిస్తే ఎముక సెక్షన్‌ పని సగం వచ్చినట్టే. అదేంటో వరసగా చూద్దాం.

ఎముకలో ఏముంది?

ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేయొచ్చు. చికెన్‌ లెగ్‌పీస్‌ ఎముకను శుభ్రంగా కడిగి సీసాలో వేసి, మునిగేలా వెనిగర్‌ పోయండి. రోజుకోసారి వెనిగర్‌ మార్చుతూ వారం తర్వాత తీసి చూడండి. ఎముక ఆకారం అలాగే ఉంటుంది. కానీ రబ్బరులా వంగుతుంది. వెనిగర్‌లోని ఎసిటిక్‌ యాసిడ్‌ ఎముకలోని కాల్షియం లవణాలను కరిగించేసింది. మిగిలింది కొలాజెన్‌ అనే ప్రొటీన్‌ అల్లిక.

దీనికి రివర్స్‌ కూడా మనకు తెలిసిందే. దహనం తర్వాత ఏరే అస్థికలు చేత్తో నలిపితే పొడవుతాయి. అక్కడ మంట కొలాజెన్‌ను కాల్చేసింది, లవణాలు మిగిలాయి. అంటే ఎముకకు గట్టిదనం ఇచ్చేది ఖనిజం, విరిగిపోకుండా పట్టి ఉంచేది ప్రొటీన్‌. బరువులో దాదాపు మూడింట రెండొంతులు ఖనిజమే. దాని పేరు హైడ్రాక్సీఅపటైట్‌. కాల్షియం, ఫాస్ఫేట్‌ కలిసి ఏర్పడిన స్ఫటికం.

సాధారణ కణజాలాన్ని మైనంలో పొదిగి, మైక్రోటోమ్‌ అనే యంత్రంపై 4-5 మైక్రాన్ల మందంలో కోస్తాం. మైక్రాన్‌ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. లివర్‌, కిడ్నీ, చర్మం లాంటివి ఇలా చక్కగా తెగుతాయి. ఎముకను నేరుగా పెడితే మాత్రం బ్లేడు అంచు పోతుంది, సెక్షన్‌ చిరిగి పీలికలవుతుంది. చుట్టూ మెత్తని మైనం, మధ్యలో రాయిలాంటి ముక్క ఉంటే ఏ బ్లేడైనా ఎలా కోస్తుంది? అందుకే ముందు కాల్షియాన్ని తీసేయాలి. దాన్నే డీకాల్సిఫికేషన్‌ అంటాం. ల్యాబ్‌ భాషలో ‘డీకాల్‌’.

ముందు ఫిక్సేషన్‌, తర్వాతే యాసిడ్‌

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఎముక రాగానే యాసిడ్‌లో వేయకూడదు. ముందు 10 శాతం న్యూట్రల్‌ బఫర్డ్‌ ఫార్మలిన్‌లో కణజాలం పూర్తిగా ఫిక్స్‌ అవ్వాలి. ఫిక్స్‌ కాని కణాలను యాసిడ్‌ తినేస్తుంది. మూలుగ బయాప్సీ లాంటి సన్నని ముక్క త్వరగా ఫిక్స్‌ అవుతుంది. తొడ ఎముక లాంటి పెద్ద నమూనా అయితే ఫార్మలిన్‌ లోపలికి చేరడానికే చాలా సమయం పడుతుంది. అందుకే దాన్ని రంపంతో 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందంలో పలకలుగా కోసి మళ్లీ ఫార్మలిన్‌లో ఉంచుతారు. ఎక్కడ కోయాలో, ఏ ముక్క తీసుకోవాలో పాథాలజిస్ట్‌ నిర్ణయిస్తారు. కోసిన తర్వాత పైన అంటుకున్న ఎముక పొడిని కడిగేయాలి. లేదంటే ఆ పొడి కణజాలంలోకి దిగి, స్లైడ్‌పై లేనిపోని మచ్చలుగా కనిపిస్తుంది.

మరో మాట. మన దేశంలో వెన్నెముక టీబీ కేసులు తక్కువేం కాదు. ఫిక్స్‌ కాని ఎముకపై రంపం పెడితే పొడి, తుంపరలు గాల్లోకి లేస్తాయి. వీలైనంత వరకు ఫిక్స్‌ చేశాకే కోయడం, మాస్కు, గ్లవ్స్‌, కళ్లద్దాలు లేకుండా రంపం ముట్టకపోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఫార్మలిన్‌ నుంచి తీసిన ముక్కను నీళ్లలో బాగా కడగడం కూడా మరిచిపోవద్దు. ముఖ్యంగా హైడ్రోక్లోరిక్‌ యాసిడ్‌ వాడేచోట. ఫార్మాల్డిహైడ్‌, హైడ్రోక్లోరిక్‌ యాసిడ్‌ కలిస్తే బిస్‌-క్లోరోమిథైల్‌ ఈథర్‌ అనే క్యాన్సర్‌ కారకం ఏర్పడే ప్రమాదం ఉంది. ఫార్మాల్డిహైడ్‌ సంగతి చెప్పనే అక్కర్లేదు. అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్‌ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులోనే పెట్టింది. ‘వాసన అలవాటైపోయింది’ అని గొప్పగా చెప్పుకొనే సీనియర్లను ఈ ఒక్క విషయంలో అనుసరించొద్దు.

మూడు దారులు

కాల్షియం తీయడానికి ప్రధానంగా మూడు రకాల ద్రావణాలున్నాయి.

* బలమైన ఆమ్లాలు: నైట్రిక్‌, హైడ్రోక్లోరిక్‌. సాధారణంగా 5-10 శాతం గాఢతలో వాడతారు. ముక్క సైజును బట్టి కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లో పని ముగుస్తుంది. గట్టి, మందపాటి ఎముకకు, రిపోర్టు అర్జంటుగా కావాల్సినప్పుడు ఉపయోగం. గడియారం చూడకుండా వదిలేస్తే కణాల కేంద్రకాలు పాడవుతాయి.
* బలహీన ఆమ్లం: ఫార్మిక్‌ యాసిడ్‌. ఇది కూడా 5-10 శాతమే. రోజుల్లో పని చేస్తుంది. వేగానికీ భద్రతకూ మధ్యలో ఉంటుంది కాబట్టి రోజువారీ పనికి చాలా ల్యాబ్‌లు దీన్నే ఇష్టపడతాయి.
* ఈడీటీఏ: ఇది ఆమ్లంలా కరిగించదు. కాల్షియం అయాన్లను ఒక్కొక్కటిగా పట్టుకుని లాగేస్తుంది. 10-14 శాతం ద్రావణాన్ని 7 నుంచి 7.4 పీహెచ్‌ దగ్గర వాడతారు. సన్నని బయాప్సీకి రోజులు, మందపాటి ఎముకకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కణాలకు, డీఎన్‌ఏకు జరిగే నష్టం మాత్రం చాలా తక్కువ.

మీ ల్యాబ్‌లో ఏది, ఎంతసేపు అన్నది అక్కడి ఎస్‌ఓపీ చెబుతుంది. దాన్ని దాటి సొంత ప్రయోగాలు చేయొద్దు. అయితే ఆ ఎస్‌ఓపీ అలా ఎందుకు రాశారో మీకు తెలియాలి.

ఉదాహరణకు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌ వెన్నెముకకు పాకిన రోగి నుంచి చిన్న ఎముక ముక్క తీశారనుకుందాం. ఒకప్పుడు పాథాలజిస్ట్‌ ‘ఇది క్యాన్సరే’ అని చెబితే సరిపోయేది. ఇప్పుడు అదే ముక్కలో ఈజీఎఫ్‌ఆర్‌ జన్యువులో మార్పు ఉందా అని కూడా చూస్తారు. ఉంటే ఆ మార్పుపై గురిపెట్టి పనిచేసే మాత్రలు ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్‌ ఎముకకు పాకితే హెర్‌2 పరీక్ష చేస్తారు. ఇలాంటి పరీక్షలకు డీఎన్‌ఏ, ప్రొటీన్లు చెడకుండా ఉండాలి. ముక్క నైట్రిక్‌ యాసిడ్‌లో ఎక్కువసేపు ఉంటే డీఎన్‌ఏ తునాతునకలవుతుంది, పరీక్ష ఫెయిలవుతుంది. చేతిలో మందు ఉన్నా, అది ఆ రోగికి పనిచేస్తుందో లేదో చెప్పే దారి మూసుకుపోతుంది. ఆ దారి తెరిచి ఉంచేది ఖరీదైన యంత్రం కాదు. సీసాపై లేబుల్‌ అతికించి ‘ఈడీటీఏ’ అని రాసిన టెక్నీషియన్‌. ‘ఏ పరీక్ష కోసం పంపారు?’ అని అడగమన్నది ఇందుకే.

అయిందని ఎలా తెలుస్తుంది?

ముక్కను వేసేటప్పుడు దాని పరిమాణానికి కనీసం 20 రెట్లు ద్రావణం ఉండేలా చూస్తాం. అడుగున పడేయకుండా గుడ్డలోనో క్యాసెట్‌లోనో పెట్టి మధ్యలో వేలాడదీస్తే అన్ని వైపుల నుంచీ పని జరుగుతుంది. ద్రావణాన్ని క్రమం తప్పకుండా మార్చాలి. కాల్షియంతో నిండిపోయిన ద్రావణం ఇంకా కాల్షియాన్ని తీసుకోలేదు కదా. మెల్లగా కదిలిస్తూ ఉంటే వేగం పెరుగుతుంది. వేడి చేసినా పెరుగుతుంది గానీ, దాంతో నష్టమూ పెరుగుతుంది.

పని పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి మూడు పద్ధతులున్నాయి.

* ఎక్స్‌రే: అన్నిటికంటే నమ్మదగింది. కాల్షియం మిగిలితే తెల్లగా కనిపిస్తుంది. చిన్న నమూనాలకు వాడే ఎక్స్‌రే యంత్రం అన్ని ల్యాబ్‌లలో ఉండదు.
* రసాయన పరీక్ష: మన ల్యాబ్‌లలో తేలిగ్గా చేయగలిగేది. ముక్క నానిన ఆమ్లాన్ని కొద్దిగా పరీక్షనాళికలో తీసుకుని, అమ్మోనియా చుక్కలతో తటస్థం చేసి, అమ్మోనియం ఆక్సలేట్‌ కలిపి అరగంట ఆగాలి. తెల్లగా మబ్బు పట్టిందంటే కాల్షియం ఇంకా వస్తోందని అర్థం. కొత్త ద్రావణం పోసి మళ్లీ చూడాలి. తేటగా ఉంటే పని అయిపోయినట్టు. ఈడీటీఏకి ఇది నేరుగా పనికిరాదు.
* వంచి చూడటం, సూది గుచ్చడం: చాలాచోట్ల చేసేది ఇదే, చేయకూడనిదీ ఇదే. సూది గుచ్చిన చోట రంధ్రం, వంచిన చోట పగులు స్లైడ్‌పై కనిపిస్తాయి. చిన్న బయాప్సీపై అస్సలు వద్దు.

నేను పాడుచేసిన ముక్క

ఇదంతా నేను పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ శనివారం మధ్యాహ్నం మూలుగ బయాప్సీ వచ్చింది. బాల్‌పెన్‌ రీఫిల్‌ అంత మందం, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవు. అంతే. అప్పటికే నైట్రిక్‌ యాసిడ్‌లో పెద్ద తొడ ఎముక పలకలు నానుతున్నాయి. అదే యాసిడ్‌ను ఇంకో సీసాలో పోసి దీన్నీ వేశాను. ఇంటికెళ్లేటప్పుడు తీసేద్దాం అనుకున్నాను. సాయంత్రం వేరే పని తగిలింది, మరిచిపోయాను. ఆదివారం సెలవు. సోమవారం పండగ. మంగళవారం ఉదయం సీసా చూశాక గానీ గుర్తురాలేదు.

ఏం కాదులే అని ప్రాసెస్‌ చేసేశాను. సెక్షన్‌ వెన్నలా తెగింది. ‘భలే వచ్చింది’ అని కూడా అనుకున్నాను. రంగు వేశాక స్లైడ్‌ పాథాలజిస్ట్‌ మేడమ్‌ దగ్గరకు వెళ్లింది. కాసేపటికి ఆమె నన్ను పిలిచి మైక్రోస్కోప్‌లో చూడమన్నారు. మనం వేసే హెచ్‌ అండ్‌ ఈ రంగుల్లో హెమటాక్సిలిన్‌ కేంద్రకాలకు నీలం రంగునిస్తుంది, ఇయోసిన్‌ మిగతాదానికి గులాబీ రంగునిస్తుంది. ఆ స్లైడ్‌లో ఎంత వెతికినా నీలం కనిపించలేదు. మొత్తం గులాబీ. కేంద్రకాల్లోని న్యూక్లిక్‌ ఆమ్లాలను యాసిడ్‌ ఛిద్రం చేసేసింది. పట్టుకోవడానికి ఏమీ లేక హెమటాక్సిలిన్‌ నిలబడలేదు. అది లుకేమియానా, కాదా అని చెప్పడానికి ఆమెకు ఒక్క కణం కూడా మిగల్లేదు. మేడమ్‌ తిట్టలేదు. ‘మళ్లీ బయాప్సీ అడగాలి’ అన్నారంతే.

తర్వాతి వారం ఓ పెద్దాయన, కొడుకు భుజం పట్టుకుని ల్యాబ్‌ కిటికీ దగ్గరకు వచ్చాడు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చారట. తుంటి ఎముకలో రెండోసారి సూది దింపించుకుని వస్తున్నాడు. ‘బాబూ, మొన్న తీసిన ముక్క సరిపోలేదా?’ అని అడిగాడు. ‘సరిపోలేదు పెద్దాయనా’ అన్నాను. సరిపోకపోవడం కాదు, నేను పాడుచేశాను. ఆ మాట చెప్పే ధైర్యం ఆ రోజు లేకపోయింది.

రెండో ముక్కను ఫార్మిక్‌ యాసిడ్‌లో వేసి, గంట గంటకూ చూస్తూ సీసా పక్కనే కూర్చున్నాను. రిపోర్టు వచ్చింది. అయితే పది రోజులు ఆలస్యంగా. ఆ నెలలోనే ఓ లాంగ్‌ నోట్‌బుక్‌ కొని డీకాల్‌ రిజిస్టర్‌ మొదలుపెట్టాను. శాంపిల్‌ నంబరు, ఏ ఎముక, ఎంత మందం, ఏ ద్రావణం, ఎప్పుడు వేశాం, ఎప్పుడు మార్చాం, ఎప్పుడు తీశాం, ఎవరు తీశారు. ఎనిమిది గళ్లు. అప్పటి నుంచి సెలవుకు ముందురోజు ఏ ముక్కనూ బలమైన ఆమ్లంలో వదిలి ఇంటికి వెళ్లలేదు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. డీకాల్‌ తక్కువైతే సరిదిద్దుకోవచ్చు. బ్లాక్‌ కోస్తుంటే గరగరమని శబ్దం వస్తే, బ్లాక్‌ ముఖాన్ని కాసేపు యాసిడ్‌లో ఉంచి, కడిగి, పైపొరల నుంచి కొన్ని సెక్షన్లు తీయొచ్చు. దీన్ని సర్ఫేస్‌ డీకాల్సిఫికేషన్‌ అంటారు. డీకాల్‌ ఎక్కువైతే మాత్రం వెనక్కి తెచ్చే దారి లేదు.

బ్లాక్‌ నుంచి స్లైడ్‌ దాకా

ఆమ్లం నుంచి తీసిన ముక్కను బాగా కడిగి, ఆల్కహాల్‌తో నీరు తీసేసి, జైలీన్‌లో ఉంచి, కరిగిన మైనంలో పొదుగుతాం. ఎముక దట్టమైన కణజాలం కాబట్టి ఈ దశలకు మామూలు కంటే ఎక్కువ సమయం ఇవ్వాలి. తొందరపడితే మధ్యలోకి మైనం చేరదు, కోసేటప్పుడు ముక్క ఊడి బయటకొస్తుంది. బ్లాక్‌ను ఐస్‌పై చల్లబరిచి, కొత్త బ్లేడుతో, చేయి నిదానంగా తిప్పుతూ కోయాలి. మూలుగ బయాప్సీలో కణాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి దాన్ని ఇంకా పలుచగా, 2-3 మైక్రాన్లకే కోస్తారు.

ఎముక సెక్షన్‌కు స్లైడ్‌పై నుంచి జారిపోయే గుణం ఉంది. రంగులు వేస్తుంటే ఊడి నీళ్లలో తేలుతుంది. అందుకే పాలీ-ఎల్‌-లైసిన్‌ పూసిన స్లైడ్లో, ధనావేశం ఉన్న చార్జ్‌డ్‌ స్లైడ్లో వాడి, బాగా ఆరబెట్టాలి. వేడితో చేసే ఐహెచ్‌సీ పరీక్షల్లో ఇది మరీ అవసరం.

కాల్షియం ఉంచే పద్ధతి

ఒక్కోసారి మనం చూడాల్సిందే కాల్షియాన్ని. ఉదాహరణకు విటమిన్‌-డి లోపంతో వచ్చే ఆస్టియోమలేసియాలో, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో ఎముకకు ఖనిజం సరిగా పట్టదు. డీకాల్‌ చేస్తే ఉన్న ఖనిజమూ పోతుంది, ఏది పట్టిందో ఏది పట్టలేదో తేల్చడం కష్టం. అందుకే ఎముకను అలాగే మిథైల్‌ మెథాక్రిలేట్‌ అనే గట్టి ప్లాస్టిక్‌లో పొదిగి, టంగ్‌స్టన్‌ కార్బైడ్‌ కత్తితో కోస్తారు. వాన్‌ కోసా రంగు వేస్తే ఖనిజం ఉన్నచోటు నల్లగా కనిపిస్తుంది. రోగికి బయాప్సీకి ముందు కొన్ని రోజుల ఎడంతో రెండుసార్లు టెట్రాసైక్లిన్‌ ఇస్తే, అది కొత్తగా ఖనిజం పట్టే చోట చేరి ఫ్లోరోసెంట్‌ మైక్రోస్కోప్‌లో రెండు మెరిసే గీతలుగా కనిపిస్తుంది. గీతల మధ్య దూరాన్ని మధ్యలోని రోజులతో భాగిస్తే ఎముక ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుంది.

ఫ్లోరోసిస్‌ గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఉందని 1937లోనే వైద్యపత్రికల్లో వచ్చింది. తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. ఫ్లోరైడ్‌ చేరి ఎముక ఎలా మారిందో కణస్థాయిలో చూడాలన్నా కాల్షియం తీయని సెక్షన్లే అక్కరకొస్తాయి.

అరగదీసే పద్ధతి ఇంకొకటుంది. దంత వైద్య కళాశాలల్లో పంటిని ఇలాగే చూస్తారు. పంటిపై ఎనామిల్‌లో దాదాపు 96 శాతం ఖనిజమే. డీకాల్‌ చేస్తే ఎనామిల్‌ మొత్తం మాయమవుతుంది. అందుకే పంటిని సానరాయిపై సుమారు 50 మైక్రాన్లు, అంతకంటే తక్కువ మందం వచ్చేదాకా ఓపిగ్గా అరగదీస్తారు. దీన్ని గ్రౌండ్‌ సెక్షన్‌ అంటారు. లోహపు ఇంప్లాంట్‌ ఉన్న ఎముకనూ కోసి, అరగదీసి చూస్తారు. శిలాజాలకూ ఇదే దారి. హైదరాబాద్‌ బిర్లా సైన్స్‌ మ్యూజియంలో అస్థిపంజరంగా నిలబడ్డ కోటాసారస్‌ మన ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన డైనోసారే. ఇలాంటి జీవులు ఏ వయసులో ఎంత వేగంగా పెరిగాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు శిలాజ ఎముకను అరగదీసి, చెట్టు వలయాల్లాంటి పెరుగుదల గీతలను లెక్కిస్తారు.

అవకాశాలు ఎక్కడ?

‘బోన్‌ సెక్షన్‌ టెక్నీషియన్‌ కావలెను’ అని విడిగా నోటిఫికేషన్‌ ఎక్కడా రాదు. ఇది ల్యాబ్‌ టెక్నీషియన్‌, హిస్టోపాథాలజీ టెక్నీషియన్‌ ఉద్యోగాల్లో మిమ్మల్ని పదిమందిలో ఒకరిగా కాకుండా ప్రత్యేకంగా నిలిపే నైపుణ్యం.

* ఆసుపత్రులు: క్యాన్సర్‌, ఆర్థోపెడిక్స్‌, హెమటాలజీ విభాగాలు ఉన్నచోట ఎముక నమూనాలు రోజూ వస్తాయి. హైదరాబాద్‌లో నిమ్స్‌, ఎంఎన్‌జే క్యాన్సర్‌ ఆసుపత్రి, విశాఖలో కేజీహెచ్‌, హోమీ భాభా క్యాన్సర్‌ ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్‌, మంగళగిరి, బీబీనగర్‌ ఎయిమ్స్‌ లాంటివాటి నోటిఫికేషన్లు గమనిస్తుండండి. తెలంగాణలో ప్రభుత్వ ల్యాబ్‌ టెక్నీషియన్‌ పోస్టులను మెడికల్‌ అండ్‌ హెల్త్‌ సర్వీసెస్‌ రిక్రూట్‌మెంట్‌ బోర్డు భర్తీ చేస్తుంది. దరఖాస్తుకు పారామెడికల్‌ బోర్డు రిజిస్ట్రేషన్‌ అడుగుతారు, ముందే చేయించుకోండి.
* ప్రైవేటు డయాగ్నొస్టిక్‌ ల్యాబ్‌లు: ఎన్‌ఏబీఎల్‌ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లు ఐఎస్‌ఓ 15189 ప్రమాణం ప్రకారం నడుస్తాయి. అక్కడ పని ఎంత ముఖ్యమో, ఆ పనికి రాతపూర్వక రికార్డూ అంతే ముఖ్యం.
* ప్రీక్లినికల్‌ పరిశోధన సంస్థలు: విద్యార్థులు పెద్దగా ఆలోచించని రంగం ఇది. కొత్త మందును మనుషులకు ఇచ్చేముందు ఎలుకలపై భద్రతా పరీక్షలు చేస్తారు. వాటిలో తొడ ఎముక, రొమ్ము ఎముక, మూలుగ సెక్షన్లు మామూలుగా ఉండేవే. హైదరాబాద్‌ శివార్లలోని జీనోమ్‌ వ్యాలీ చుట్టూ ఇలాంటి పని జరుగుతుంటుంది. ఎంఎల్‌టీతోపాటు లైఫ్‌సైన్సెస్‌ డిగ్రీ వాళ్లూ ప్రయత్నించొచ్చు. ఇక్కడ జీఎల్‌పీ నిబంధనలు కఠినం. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఇష్టమొచ్చినట్టు కుదరవు. తప్పు జరిగితే దాచకుండా రాయాలి.
* దంత కళాశాలలు, ఇంప్లాంట్‌ పరిశోధన: ఓరల్‌ పాథాలజీ విభాగాల్లో గ్రౌండ్‌ సెక్షన్లు, డీకాల్‌ రెండూ చేస్తారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్‌ సంస్థలాంటి చోట్ల బయోమెటీరియల్స్‌పై పరిశోధన జరుగుతుంది.
* విదేశాలు: అమెరికాలో హిస్టోటెక్నీషియన్‌, హిస్టోటెక్నాలజిస్ట్‌ అర్హతలకు ఏఎస్‌సీపీ సర్టిఫికేషన్‌ పరీక్షలున్నాయి. బ్రిటన్‌లో బయోమెడికల్‌ సైంటిస్ట్‌గా పనిచేయాలంటే హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్‌ ఉండాలి.

ఇంటర్‌ తర్వాత ఈ వైపు రావాలంటే రెండేళ్ల డీఎంఎల్‌టీ డిప్లొమా, బీఎస్సీ ఎంఎల్‌టీ డిగ్రీ ప్రధాన మార్గాలు. బైపీసీ చదివినవారికి ప్రాధాన్యం. కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫీజుతోపాటు ఇంకో మాట కూడా అడగండి. ‘మీ అనుబంధ ఆసుపత్రిలో హిస్టోపాథాలజీ ల్యాబ్‌ ఉందా? అక్కడ విద్యార్థులను మైక్రోటోమ్‌ ముట్టనిస్తారా?’ లేదనే కాలేజీలో ఈ పని నేర్చుకోలేరు.

చదువుతుండగానే ఏం చేయాలి?

* ఇంటర్న్‌షిప్‌లో బ్లడ్‌ కలెక్షన్‌, బయోకెమిస్ట్రీ దగ్గరే ఆగిపోకుండా, కనీసం కొన్ని వారాలు హిస్టోపాథాలజీలో పోస్టింగ్‌ అడిగి తీసుకోండి.
* ఓ ఎముక నమూనాను గ్రాసింగ్‌ నుంచి స్లైడ్‌ దాకా మొత్తం మీ కళ్లతో చూడండి. సగంలో వచ్చి సగంలో వెళ్తే ఈ పని అర్థం కాదు.
* సొంత లాగ్‌బుక్‌ పెట్టుకోండి. రోగి పేరు, వివరాలు రాయొద్దు. ఎముక రకం, మందం, ద్రావణం, పట్టిన సమయం, ఎండ్‌పాయింట్‌ ఎలా చూశారు, స్లైడ్‌ ఎలా వచ్చింది. ఇరవై నమూనాలు అలా రాస్తే ఇంటర్వ్యూలో మీ మాటకు బలం వస్తుంది.
* పాడైన స్లైడ్లను పారేసే ముందు అడిగి చూడండి. డీకాల్‌ తక్కువైతే ఎలా ఉంటుంది, ఎక్కువైతే ఎలా ఉంటుంది అన్నది మంచి స్లైడ్ల కంటే చెడిపోయినవే బాగా నేర్పుతాయి.
* రెజ్యూమెలో ‘హిస్టోపాథాలజీ తెలుసు’ అని రాయకండి. ‘మూలుగ బయాప్సీల ఈడీటీఏ డీకాల్సిఫికేషన్‌, ఆక్సలేట్‌ ఎండ్‌పాయింట్‌ పరీక్ష చేశాను’ అని రాయండి. ఆ ఒక్క వాక్యం చదివితే ఇంటర్వ్యూ చేసేవారికి మీరెవరో తెలిసిపోతుంది. అయితే చేసిన పనే రాయండి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇంటర్వ్యూకు ముందు ఈ అయిదు ప్రశ్నలకు మీ మాటల్లో జవాబు చెప్పగలరేమో చూసుకోండి. ఫిక్సేషన్‌కు ముందు ఆమ్లం ఎందుకు వేయకూడదు? జన్యుపరీక్ష అవసరమైన ముక్కకు ఏ ద్రావణం ఎంచుకుంటారు? సూది గుచ్చి చూడటం ఎందుకు తప్పు? కోస్తుంటే బ్లాక్‌ గట్టిగా తగిలితే ఏం చేస్తారు? ఎనామిల్‌ చూడాలంటే డీకాల్‌ ఎందుకు పనికిరాదు? అయిదింటికీ జవాబులు పైనే ఉన్నాయి.

చివరగా ఒక పని. ఈసారి ల్యాబ్‌కు వెళ్లినప్పుడు పాథాలజిస్ట్‌ అనుమతితో ఓ ఎముక స్లైడ్‌ తీసుకుని మైక్రోస్కోప్‌ కింద పెట్టండి. గులాబీ రంగు ఎముక మధ్యలో చిన్న చిన్న ఖాళీలుంటాయి. వాటిలో ఆస్టియోసైట్లనే ఎముక కణాలుంటాయి. వాటి కేంద్రకాలు నీలంగా కనిపిస్తున్నాయా? కనిపిస్తే, ఎవరో ఒకరు ఆ ముక్కను సరైన సమయానికి బయటకు తీశారన్నమాట. రిజిస్టర్‌ అడిగి, తీసిందెవరో చూడండి. మీరు పని నేర్చుకోవాల్సింది వాళ్ల దగ్గరే.